బండి మీటరులో లైటు మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు ఎర్త్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి వడ్లు కల్లాలకు చేరాయంటే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పికప్ బండ్లకు ఊపిరాడదు. కొనుగోలు కేంద్రం నుంచి మిర్యాలగూడ మిల్లుకు, మిల్లు గేటు ముందు రాత్రంతా వరుసలో, తెల్లారి మళ్లీ ఊరికి. అటు పాలమూరు వైపు బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ, మక్కలు మోసే బండ్లదీ అదే తీరు. ఎలక్ట్రికల్ దుకాణాల ముందు ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే: "మీటర్ల లైటొస్తుంది, కొట్టేపిస్తే పోతుంది, రెండ్రోజులకు మల్లొస్తుంది." ఒకసారి బ్యాటరీ గుర్తు, ఒకసారి ఇంజన్ చెక్ లైటు, ఒకసారి ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు), ఒక్కోసారి మూడూ కలిసి. ఈ విషయంలో డ్రైవర్లకు, బండి యజమానులకు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఉపయోగపడే కొన్ని సంగతులు మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం.

బండి కంప్యూటర్ రాసుకున్న దోషాలను చదివే స్కానర్ తగిలించి, ఆ దోషపు కోడ్ చెరిపేసి, డబ్బు తీసుకుని పంపించడం మా వృత్తిలో కొందరికి అలవాటైపోయింది. డ్రైవరుకూ లైటు ఆరితే చాలు, కిరాయి తప్పిపోకూడదు. కానీ కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది, బండి వేగమెంత, కూలెంట్ వేడి ఎంత అనే వివరాలను ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, ఒక చోట దాచిపెడుతుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చాలా బండ్లలో ఆ క్షణపు వోల్టేజీ కూడా అందులో ఉంటుంది. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. వేలిముద్రలు తుడిచేశాక దొంగను వెతికినట్టవుతుంది పని. కాబట్టి స్కానర్ తగిలించగానే మొదట చేయాల్సింది కోడ్‌లన్నిటికీ, ఫ్రీజ్ ఫ్రేమ్‌కూ ఫోన్‌లో ఫొటో తీసుకోవడం. చెరపడం ఆఖరి పని.

ఫొటో తీశాక కోడ్ మొదటి అక్షరం చూడండి. పీ అంటే ఇంజన్, గేరుబాక్సు. సీ అంటే ఏబీఎస్ లాంటి చాసిస్ వైపు. బీ అంటే క్యాబిన్, బాడీ. యూ అంటే ఒక కంప్యూటర్‌కు మరో కంప్యూటర్‌తో మాట కలవడం లేదని. పీ0562 వస్తే వోల్టేజీ తగ్గింది, పీ0563 వస్తే పెరిగింది. యూ0100 ఉంటే ఇంజన్ ఈసీయూతో, యూ0121 ఉంటే ఏబీఎస్‌తో సంబంధం తెగిందని అర్థం. జాబితాలో పది కోడ్‌లు కనబడి వాటిలో పీ0562 ఒకటి ఉంటే, మిగతా తొమ్మిదింటిని కాసేపు పక్కన పెట్టండి. ఒకే రోజు నాలుగు సెన్సర్లు పోవడం అరుదు. నాలుగింటికీ కరెంటిచ్చే దారి ఒకటే అయినప్పుడు ఆ దారిలో వోల్టేజీ పడిపోవడం మాత్రం తరచూ జరిగేదే. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ మరీ కిందికి పోతే ఒక్కో కంప్యూటర్ ఒక్కో క్షణంలో ఆగి మళ్లీ లేస్తుంది. ఆ సందులో మిగతావి 'అది పలకడం లేదు' అని రాసుకుంటాయి. మీటరు నిండా లైట్లు వెలగడానికి కారణం చాలాసార్లు ఇంతకు మించి ఉండదు.

పని మొదలుపెట్టాల్సింది బ్యాటరీ దగ్గర. బండి ఆపి కనీసం నాలుగు గంటలయ్యాక, లేదా హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి కొంచెం ఆగాక, మల్టీమీటర్‌తో కొలవండి. 12.6, 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 11.8 దగ్గరుంటే అది ఖాళీ బ్యాటరీ, చార్జి చేయకుండా ఇంకే పరీక్షా చేయొద్దు. తర్వాత మీటరు ముళ్లు టెర్మినల్ క్లాంపు మీద కాకుండా నేరుగా సీసం గుబ్బ మీద ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 9.6 వోల్టుల కిందికి దిగితే బ్యాటరీలో సత్తువ లేనట్టు. అదే సమయంలో క్లాంపు మీద కూడా కొలవండి. గుబ్బ మీద 10.5, క్లాంపు మీద 9 వచ్చిందంటే బ్యాటరీ బాగానే ఉంది, ఆ రెండింటి మధ్య పేరుకున్న తెల్లటి బూజే ఒకటిన్నర వోల్టు తినేస్తోంది. వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, 10 నంబర్ పానాతో బిగించి, ఆ పైన వాజిలిన్ రాయాలి. ముందు గ్రీజు పూసి తర్వాత బిగించడం తలకిందుల పని. క్లాంపు వదులైందని మధ్యలో మేకు ముక్క, సిగరెట్ పెట్టె రేకు దూర్చిన బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి.

మూతలు తీసే రకం బ్యాటరీ అయితే ఆసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటర్ వాడండి. మన వేడి ప్రాంతానికి నింపే ఆసిడ్‌లో పూర్తి చార్జి మీద 1.240 దాకా రావాలి. కొన్ని కంపెనీలవి 1.260 దాకా ఉంటాయి. అంకె కన్నా ఆరు గదుల మధ్య తేడా ముఖ్యం. ఒక గది మిగతావాటి కన్నా 0.050 తక్కువ చూపిస్తే ఆ గది పోయినట్టే, ఇక ఎంత చార్జి చేసినా ఆ బ్యాటరీ నిలబడదు. నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన జిల్లాలో బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. బ్యాటరీకి అసలు శత్రువులు మాత్రం ఆ నీళ్లలోని క్లోరైడ్, ఇనుము, మిగతా లవణాలు. అవి ప్లేట్ల మీద చేరి, బండి ఆగి ఉన్నా చార్జి దానంతట అదే దిగిపోయేలా చేస్తాయి. ఇంట్లో తాగే ఫిల్టరు నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. మట్టం తగ్గితే నీళ్లే పోయాలి, ఆసిడ్ పోయకూడదు. ఆవిరయ్యేది నీరే కదా. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే బానెట్ కింద ఇంకెంతో మించి ఉంటుంది. అప్పుడు పదిహేను రోజులకోసారి మట్టం చూడటం ఎక్కువేం కాదు.

మిల్లు ముందు వరుసలో బ్యాటరీ ఎందుకు దిగుతుందో చాలామంది తప్పుగా అనుకుంటారు. మాటిమాటికీ సెల్ఫ్ కొట్టడం వల్లనే అంటారు. లెక్క వేసి చూడండి. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగినా మూడు సెకండ్లకు అయ్యే ఖర్చు ఆంపియర్-అవర్‌లో ఆరో వంతు. అదే నాలుగు ఇండికేటర్లూ వేసి బండి నిలిపితే, ఒక్కొక్కటి 21 వాట్లు, వెలిగి ఆరుతూ ఉంటాయి కాబట్టి సగటున మూడున్నర ఆంపియర్లు. ఆరు గంటలకు 21 ఆంపియర్-అవర్లు. డెబ్బై ఆంపియర్-అవర్ల బ్యాటరీలో దాదాపు మూడో వంతు అక్కడే పోయింది. పైన పాటలు, ఫ్యాను, ఫోన్ చార్జర్లు. తెల్లారి మూడు కిలోమీటర్లు నడిపి మళ్లీ ఆపితే డైనమో దాన్ని నింపలేదు. నాలుగు రోజులు ఇలా సాగితే ఐదో రోజు మీటరులో లైటు వస్తుంది. ఇందులో చెడిపోయిన పార్ట్ ఏదీ లేదు. బ్యాటరీని బయట చార్జర్ మీద రాత్రంతా పెట్టడమే మందు.

డైనమో సంగతి. అందరూ ఆల్టర్నేటర్‌ను డైనమో అనే అంటారు కాబట్టి మేమూ అలాగే అంటాం. ఇంజన్ 1500 ఆర్‌పీఎం మీద, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు. బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు వరసగా మాడతాయి. 13 కూడా రాకపోతే బెల్టు, కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు), రెగ్యులేటర్, వెనకాల లావు తీగ బోల్టు చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య నిబంధనల ఆరో దశ) బండ్లలో కొన్నింటికి డైనమోను ఈసీయూయే నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉండి లోడు లేకపోతే కావాలనే 12.8 దాకా తగ్గిస్తుంది, డీజిలు ఆదా కోసం. ఆ అంకె చూసి డైనమో విప్పడం దండగ పని. లైట్లు వేసి, రేజ్ ఇచ్చి, అప్పుడు కూడా పెరగకపోతేనే అనుమానించాలి.

డీసీ బాగానే ఉన్నా లైట్లు పిచ్చిగా మెరుస్తుంటే ఏసీ అలలు కొలవాలి. డైనమో లోపల డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. ఒక డయోడ్ పోతే అలలు అలాగే మిగిలిపోయి సెన్సర్ల సంకేతాల్లో కలుస్తాయి. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. 0.5 దాటితే డయోడ్ ప్లేటు అనుమానమే. చవక మీటర్లు కొన్ని ఏసీలో పెట్టినా డీసీని లెక్కలోకి తీసుకుని తప్పుడు అంకె చూపిస్తాయి. ముందు ఇంజన్ ఆపి ఉన్నప్పుడు చూడండి. అప్పుడు సున్నా రావాలి. పాతిక వోల్టుల లాంటిదేదో వస్తే ఆ మీటరు ఈ పనికి అక్కరకు రాదు. డయోడ్ తెగకుండా షార్టయితే ఇంకో తలనొప్పి, రాత్రంతా బ్యాటరీని డైనమోయే తాగేస్తుంది. పొద్దున ఇంజన్ పెట్టకముందే డైనమో ఒళ్లు గోరువెచ్చగా తగిలిందంటే అదే. డైనమో వెనకాల వాక్యూమ్ పంపు ఉండే డీజిలు బండ్లలో ఆ పంపు సీలు పోతే ఇంజనాయిలు లోపలికి కారి కార్బన్లను తడిపేస్తుంది. అలాంటి చోట కొత్త కార్బన్లు వేసి సీలు వదిలేస్తే నెల తిరక్కుండా బండి మళ్లీ వస్తుంది.

ఇక ఎర్త్. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. బ్యాటరీ మార్చారు, డైనమో మార్చారు, సెన్సర్ మార్చారు, అయినా లైటు వస్తోంది అనే బండ్లలో అందరూ వదిలేసేది ఎర్త్ తీగ, అంటే ఇంజన్, చాసిస్ నుంచి కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వచ్చే దారి. ప్లస్ తీగ తెగితే పని ఆగిపోతుంది కాబట్టి వెంటనే దొరుకుతుంది. ఎర్త్ సగం పోతే పని సగం జరుగుతూ ఉంటుంది, అందుకే దొరకదు. తీగకు రెండువైపులా మీటరుతో కంటిన్యుటీ (తీగ తెగిందా లేదా అనే పరీక్ష) పెట్టి 'బీప్' వచ్చింది, బాగుంది అంటారు. ఎనభై పోగులున్న తీగలో రెండు పోగులు మిగిలినా మీటరు బీప్ అంటుంది. బీప్ కోసం మీటరు పంపేది మిల్లీఆంపియర్లలో, సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లలో. దారిలో 0.005 ఓమ్ అడ్డు ఉంటే చాలు, 200 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోతుంది. అంత చిన్న ఓమ్‌ను మామూలు మీటరు చూపించలేదు. అందుకే కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ తేడాగా కొలవాలి.

పద్ధతి ఇది. మీటరు డీసీ 2 వోల్టుల రేంజిలో. నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, ఎర్ర ముల్లు ఇంజన్ బ్లాకు మీద రంగు లేని చోట. ఇంజన్ నడిపి, హెడ్‌లైట్లు, బ్లోయరు, హారను అన్నీ వేయండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. తర్వాత సెల్ఫ్ కొట్టి చూడండి. 0.2 దాకా పర్వాలేదు, అర వోల్టు వచ్చిందంటే ఇంజన్ ఎర్త్ జడ (జడలా అల్లిన ఎర్త్ తీగ) పోయింది. ఎర్ర ముల్లును బ్లాకు మీంచి తీసి చాసిస్ మీద, తర్వాత క్యాబిన్ రేకు మీద, చివరకు ఈసీయూ ఎర్త్ బోల్టు మీద పెట్టి ఇలాగే కొలవండి. ఎక్కడ అంకె ఎగబాకిందో దానికీ అంతకుముందు కొలిచిన చోటుకూ మధ్యనే దోషం. ప్లస్ వైపు కూడా ఇదే పరీక్ష చేయొచ్చు. బ్యాటరీ ప్లస్ గుబ్బకూ, సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకూ మధ్య సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.5 దాటకూడదు. పది నిమిషాల పని, ఒక్క రూపాయి సామాను అక్కర్లేదు.

మన దగ్గర ఎర్త్ ఎందుకు పోతుందంటే, కొత్త బండికి వెనక బాడీ కట్టించి రంగు వేయించేటప్పుడు ఎర్త్ బోల్టు కింద కూడా రంగు పడుతుంది. వరి మడుల బురద చాసిస్ సందుల్లో ఎండి, వాన పడ్డప్పుడల్లా తడిసి తుప్పు పెంచుతుంది. ఎరువుల బస్తాలు మోసే బండ్లలో అయితే చెప్పనక్కర్లేదు, యూరియా, పొటాష్ పొడి తేమ పీల్చి రాగిని పచ్చగా తినేస్తుంది. బోల్టు విప్పి, లగ్గు (తీగ కొసకు ఉండే రేకు) రెండువైపులా, చాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర తెల్ల ఇనుము కనబడేలా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన రంగు కొట్టాలి. తీగ తొడుగు లోపల రాగి నల్లబడి ఉంటే కొసలు కోసి కొత్త లగ్గు వేయడం కాదు, తీగే మార్చాలి. బజారులో దొరికే కొన్ని తీగలు పైకి రాగి, లోపల అల్యూమినియం. కత్తితో ఒక పోగు గీరి చూస్తే తెల్లగా బయటపడుతుంది.

తర్వాతి స్థానం అదనపు ఫిట్టింగులది. ఎల్ఈడీ బారు, గాలి హారను, ఆంప్లిఫయరు, రివర్స్ బజరు. వీటికి కరెంటు ఎక్కడ దగ్గరుంటే అక్కడ నుంచి లాగి, తీగ తొడుగు కొరికి, మెలితిప్పి, నల్ల టేపు చుడతారు. ఎండాకాలంలో టేపు జిగురు కరిగి జారిపోతుంది, తీగ బయటపడుతుంది. 55 వాట్ల లైట్లు రెండు పెడితే తొమ్మిది ఆంపియర్లు. దానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) కావాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందు తీగ ఒరుసుకుంటే కాపాడేవాడు లేడు. రిలేలో 30 నంబరు పిన్నుకు ఫ్యూజు తీగ, 87 నుంచి లైటుకు, 86కు స్విచ్చి, 85కు ఎర్త్. మైనస్ తీగను బ్యాటరీ మైనస్ గుబ్బకు కట్టకండి. బీఎస్6 బండ్లలో చాలావాటికి ఆ క్లాంపు మీదే కరెంటు కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. గుబ్బకే నేరుగా కడితే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, ఈసీయూ బ్యాటరీ నిండుగా ఉందనుకుని చార్జింగ్ తగ్గిస్తుంది. చాసిస్‌కు కట్టండి. ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోట) ఎప్పుడూ ఉంచేసే చవక డాంగిల్ కూడా అదనపు ఫిట్టింగే. ఆ సాకెట్ 16వ పిన్నుకు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగుతుంటే మైనస్ తీగ విప్పి, మధ్యలో మీటరును 10 ఆంపియర్ల రేంజిలో కలపండి. తలుపులు వేసి, తాళం చెవి దూరంగా పెట్టి, కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అరాంపియరు చూపిస్తే ఎక్కడో తాగుతోంది. ఫ్యూజులు పీకి చూస్తే కంప్యూటర్లు మళ్లీ మేల్కొని లెక్క తప్పుతుంది, పీకకుండా ఫ్యూజు పై రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం మేలు. ఏ ఫ్యూజు మీద సున్నా కాకుండా అంకె వస్తుందో అటే కరెంటు పోతోంది. మీటరు కలిపి ఉండగా మాత్రం ఎవరూ సెల్ఫ్ కొట్టకుండా చూసుకోండి.

గతుకుల మీద మాత్రమే లైటు వస్తే తీగ ఒరుసుకుపోవడం లేదా కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు) వదులు. ఇంజన్ నడుస్తుండగా స్కానర్ లైవ్ డేటా (అప్పటికప్పుడు మారే అంకెలు) చూస్తూ ఒక్కో కప్లర్‌ను, ఒక్కో తీగల కట్టను చేత్తో ఊపండి. అంకె ఎగిరిన చోట ఆగండి. గోదాముల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలను మొదట అనుమానించాలి, వడ్లు, పల్లీల వాసన ఎక్కడుంటే అవి అక్కడే. కడగడం విషయంలో ఒక మాట. ప్రెషర్ పంపుతో బానెట్ కింద కొడితే నీళ్లు రబ్బరు సీలు దాటి కప్లర్‌లోకి పోతాయి, బోరు నీటి ఉప్పు పిన్నుల మీద మిగిలిపోతుంది. కడిగిన రోజు కాదు, వారం తర్వాత లైటు వస్తుంది, కాబట్టి ఎవరూ ఆ రెండింటినీ కలపరు. పిన్నులు శుభ్రం చేయడానికి కిరోసిన్ వాడితే సీలు ఉబ్బిపోతుంది, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేయే వాడాలి.

ఒకే సమయంలో మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు, వాటితో పీ0642 వస్తే 5 వోల్టుల లైను చూడండి. ఈసీయూ చాలా సెన్సర్లకు ఒకే 5 వోల్టుల లైను ఇస్తుంది. అందులో ఒక్కటి లోపల షార్టయినా అన్నీ పడిపోతాయి. మీటరు పెట్టి ఆ లైను మీద ఒక్కో సెన్సర్ కప్లర్ తీస్తూ పోండి, ఏది తీయగానే 5 తిరిగి వచ్చిందో అదే దోషి. ఇక్కడ బల్బు టెస్ట్ ల్యాంపు వాడొద్దు, అది లాగే కరెంటుకు ఈసీయూ లోపలి భాగం పోవచ్చు. యూ కోడ్‌లే పదేపదే వస్తుంటే బ్యాటరీ తీగ విప్పి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. కంప్యూటర్లను కలిపే లైనుకు రెండు చివర్ల ఉండే 120 ఓమ్‌ల రెసిస్టర్లు కలిసి 60 చూపించాలి. 120 వస్తే ఒక పక్క తెగింది. సున్నా దగ్గరుంటే రెండు తీగలూ అంటుకున్నాయి. కొన్ని బండ్లలో ఆ సాకెట్‌కూ లోపలి లైనుకూ మధ్య గేట్‌వే (మధ్యవర్తి కంప్యూటర్) ఉంటుంది, అక్కడ ఈ లెక్క పనిచేయదు. వైరింగ్ బొమ్మ లేకుండా ముందుకు పోకండి.

బ్రేకు స్విచ్చి చిన్న సామాను కానీ మోసం చేస్తుంది. లోపల రెండు కాంటాక్టులుంటాయి. రెండూ ఒకేసారి మారకపోతే పీ0504 వస్తుంది. బ్రేకు లైటు వెలుగుతోంది కదా, స్విచ్చి బాగుందనుకోవడం పొరపాటు. బ్రేకు నొక్కితే పార్కింగ్ లైట్లు మసకగా వెలిగాయంటే వెనక లైటు ఎర్త్ పోయి కరెంటు ఇంకో దారి వెతుక్కుంటోంది. ఏబీఎస్ లైటుకు ముందు చక్రం దగ్గర బురద, తీగ చూడండి. ఈనాటి చక్రం సెన్సర్లు చాలావరకు యాక్టివ్ రకం (కరెంటు ఇస్తేనే పనిచేసేవి), వాటిని ఓమ్స్‌లో కొలిచి పోయిందని తీర్పు చెప్పకూడదు. నాలుగు చక్రాల వేగం లైవ్ డేటాలో చూస్తే చాలు.

చేయకూడని పనులు మూడున్నాయి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఆగకపోతే డైనమో బాగుందనడం ఒకటి. పంపుతో నడిచే పాత డీజిలు ఇంజన్ల కాలపు అలవాటది. ఇప్పుడు పీకిన క్షణంలో డైనమో నుంచి పదుల వోల్టులు ఎగిసి ఈసీయూను తాకుతాయి. రెండోది, బ్యాటరీ తీగలు, ఈసీయూ కప్లర్ విప్పకుండా బాడీకి వెల్డింగ్ కొట్టడం. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే పెట్టాలి. మూడోది, ఆగిపోయిన బండిని పెద్ద లారీ బ్యాటరీలతో స్టార్ట్ చేయడం. ట్రాక్టరు 12 వోల్టులే, లారీలో రెండు బ్యాటరీలు కలిసి 24. ఈ మూడింటిలో ఏది జరిగినా ఆ తర్వాత వచ్చే లైట్లకు ఎర్త్ రుద్దితే లాభం లేదు. ఎర్రటి ఆయిలు గుర్తు, ఎర్రటి వేడి గుర్తు వచ్చినా కూడా ఇవేవీ చూస్తూ కూర్చోకండి, ఇంజన్ ఆపండి.

యజమానులకు ఒక సూచన. సెన్సర్ మార్చాలని ఎవరైనా చెబితే నాలుగు అంకెలు బిల్లు వెనక రాసివ్వమనండి: ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టులు, సెల్ఫ్ కొట్టినప్పటివి, లోడుతో చార్జింగ్ వోల్టులు, ఇంజన్ బ్లాకుకూ బ్యాటరీ మైనస్‌కూ తేడా. డ్రైవరు కూడా లైటు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో చెప్పాలి. చల్లటి ఇంజన్ మీదా, వాన పడ్డాకా, హారను కొట్టినప్పుడా, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడా. స్కానర్ చెప్పలేనిది ఆ ఒక్క మాట చెబుతుంది.

దోషం దొరికి సరిచేశాకే కోడ్ చెరపాలి. చెరపకుండా వదిలినా, దోషం లేకపోతే వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్ల (బండి స్టార్ట్ చేసి నడిపి ఆపడం ఒక సైకిల్) తర్వాత ఇంజన్ లైటు దానంతట అదే ఆరుతుంది, అదే మంచి పరీక్ష కూడా. లోడుతో స్పీడ్‌బ్రేకర్ల మీద లైటు వచ్చిన బండిని ఖాళీగా దుకాణం చుట్టూ తిప్పి బాగుందనకండి. బస్తాలు వేసుకుని, రాత్రిపూట, అన్ని లైట్లూ వేసి నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా పోయి వచ్చి, అప్పుడు మళ్లీ స్కానర్ పెట్టి చూడండి.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లం కొందరం,
నల్లగొండ, మహబూబ్‌నగర్